పళ్ళాయన గురుగ్రహం

కళ్ళజోళ్ళ దుకాణం పైఅంతస్తులో ఫోటో క్లబ్బు. మెట్లెక్కగానే ఎదురుగా నోటీసు బోర్డు ఉంటుంది. ఆ ఆదివారం ఉదయం ఆమె పైకి వచ్చేసరికి బోర్డు ముందు నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. ఆమెను చూసి ఒకరి తర్వాత ఒకరు పక్కకి తప్పుకున్నారు. ఎప్పుడూ "రండి రండి" అంటూ ఎదురొచ్చే కార్యదర్శి, కింద దుకాణం ఆయనదే, జేబులోంచి గుడ్డముక్క తీసి తన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వచ్చే ఆదివారం జరగబోయే వార్షిక ప్రదర్శనకి ఎంపికైన చిత్రాల జాబితా అది. నంబర్లు వరసగా ఉన్నాయి. అట్టడుగున ఎర్ర సిరాతో గీత కొట్టి, విడిగా రాశారు: "పదిహేడవ నంబరు చిత్రం తిరస్కరించబడినది. కారణం: సొంత చిత్రం కాదు. అచ్చయిన బొమ్మకు తీసిన నకలు." పక్కనే ఆమె పేరు, ఇంటిపేరుతో సహా.

ఆమె రెండోసారి చదివింది. బస్సు డిపోలో పాసుల కౌంటరు ఆమెది. సంతకం లేదనో, ఫోటో పాతదనో రోజుకి పది దరఖాస్తులైనా వెనక్కి ఇస్తుంది. అద్దం కింది సందులోంచి కాగితాన్ని మెల్లిగా వెనక్కి తోస్తూ, వరసలో వెనకున్నవాళ్ళకి వినపడకుండా చెబుతుంది. గోడకి కొట్టదు.

"ఎవరు రాశారండీ ఇది?" అని అడిగింది.

"కమిటీయేనమ్మా. అంటే... అధ్యక్షులవారు చూడగానే అనేశారు. ఏదో పుస్తకంలో గురుగ్రహం బొమ్మకి ఫోటో తీసి ఇచ్చుంటుందని. నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి కదా, ఆయన కన్ను అలాంటిది."

"అది మా ఇంట్లో ఉందండీ."

"పుస్తకమా?"

"గురుగ్రహం."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. కార్యదర్శి నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, "బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుంటుందమ్మా. చెప్పుకోవాల్సింది ఏమన్నా ఉంటే అప్పుడు రండి," అన్నాడు.

ఆమె భుజానికున్న కెమెరా సంచీ సరిచేసుకుని మెట్లు దిగింది.

వాళ్ళ వీధిలో ఆమె భర్తని పళ్ళాయన అంటారు. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు అరటిపళ్ళ కోసం తలుపు కొట్టడం మామూలే. "మా దగ్గర పళ్ళున్నాయి గానీ, తినేవి కావండీ. తినిపించేవి," అని ఆయన చెబుతాడు. ముందుగదే ఆయన పనిచేసే చోటు. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. వాటిలో ప్లాస్టర్ పోసి, దవడ తీసి, మైనంతో చిగురు కట్టి, అందులో పన్ను తర్వాత పన్ను గుచ్చి, అసలు నోట్లోంచి ఊడివచ్చినట్టు కనపడే సెట్లు చేస్తాడు. గోడకి మూడు అరలు. కింది రెండిట్లో తెల్లటి దవడలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. పై అరలో గ్రహాలు.

భూమిని దవడపన్నంత అనుకుని మొదలుపెట్టాడు. ఆ లెక్కన చంద్రుడు ఆవగింజకి అన్నయ్య. అంగారకుడు చొక్కా గుండీలో సగం. బుధుడు మందుబిళ్ళంత. ఎంత మందుబిళ్ళంతంటే, వాళ్ళమ్మ ఒకసారి దాన్ని నోట్లో వేసుకుని నీళ్ళకోసం కేకేసింది. సూర్యుణ్ణి ఎప్పుడు చేస్తారని ఎవరైనా అడిగితే, "ఆయన నా ఛాతీదాకా వస్తాడండీ. ఆయన్ని లోపల పెడితే మేం బయట పడుకోవాలి," అంటాడు. అన్నిట్లోకీ అందమైనది గురుగ్రహం. పెద్ద బత్తాయంత ఉంటుంది. దాని మీది చారలు పంటిరంగుల పొళ్ళతో తేలినవి. దంతపు తెలుపు, పాలమీగడ, టీ తాగేవాళ్ళ పన్ను రంగు, చుట్ట తాగేవాళ్ళది. ఎర్ర మచ్చకి చిగుళ్ళ గులాబీ వాడాడు. ఇంట్లో దాన్ని ఆయన గురువుగారనే అంటాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి ఆయన పాలిష్ చక్రం ముందు కూర్చుని ఉన్నాడు. అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంది. కోడలి మొహం చూసి, "ఎవరే పోయారు?" అంది.

"ఎవరూ పోలేదత్తయ్యా. నా ఫోటో దొంగబొమ్మట. బోర్డు మీద రాసి పెట్టారు."

పళ్ళాయన చక్రం ఆపాడు. ముక్కుకి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందకి లాగాడు. ఆమె అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, చివర్లో అడిగాడు.

"అచ్చు బొమ్మ అనుకున్నాడా? పుస్తకంలోది?"

"అవును."

"అంటే అసలు గ్రహానికి తీసిన ఫోటో అనుకున్నాడన్నమాట."

"అవునంటున్నాగా."

ఆయన మొహంలో ఏదో వెలుగు మొదలై, చెవులదాకా పాకబోయింది. భార్య కళ్ళలోకి చూసి దాన్ని మధ్యలోనే ఆపుకున్నాడు గానీ, ఆమె చూడనే చూసింది.

"మీకు సంతోషంగా ఉంది," అంది.

"ఛ, నాకెందుకు సంతోషం," అని మళ్ళీ చక్రంవైపు తిరిగాడు. దాన్ని తిప్పడం మాత్రం మర్చిపోయాడు.

మూడు ఆదివారాలు పట్టింది ఆ ఫోటోకి. ఉదయం ఏడింటికి వంటింటి కిటికీలోంచి వచ్చే ఎండ, మధ్యలో అట్టముక్క, అట్టముక్కకి వేలెడు సందు. వెనకాల విప్పిన నల్ల గొడుగు. గురువుగారికి వెనకవైపు గుచ్చిన తీగని పళ్ళాయన ఊపిరి బిగబట్టి పట్టుకునేవాడు. ఆమె పొయ్యిగట్టు మీద మోచేతులు ఆనించి, మోకాళ్ళ మీద నిలబడి తీసేది. "అబ్బాయ్, కాఫీ ఎప్పుడురా?" అని అత్తగారు అడిగితే, "ఉండమ్మా, గురువుగారికి తెల్లవారుతోంది," అనేవాడు. ముప్పై నాలుగో సారికి చీకట్లోంచి సగం బుగ్గ బయటపెట్టిన గ్రహం దొరికింది.

ఇదంతా విన్న అత్తగారు చాలాసేపు ఆలోచించి, "ఆ అధ్యక్షుడి కళ్ళకి ఏమొచ్చిందే? కింద కళ్ళజోళ్ళ దుకాణమే ఉందిగా," అంది.

బుధవారం సాయంత్రం ఇద్దరూ బస్సెక్కారు. డాక్టర్లు అచ్చులు పంపే అట్టపెట్టెలో దూది పరిచి గురుగ్రహాన్ని పడుకోబెట్టి, పెట్టెను ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. మలుపులు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్ళ సందుల్లో ప్లాస్టర్ తెల్లగా అలాగే ఉంది.

కమిటీ అంటే ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, కుడివైపు కార్యదర్శి, ఎడమవైపు అధ్యక్షుడు ఏమన్నా తలూపే ఒక పెద్దమనిషి. అధ్యక్షుడికి డెబ్భై దగ్గర పడ్డాయి. చలువ చేసిన చొక్కా, నున్నగా దువ్విన తెల్లజుట్టు, ప్రతి అక్షరమూ విడివిడిగా పలికే గొంతు. మాట మధ్యలో చక్కగా నవ్వుతాడు. ఆ నవ్వు చూసే చాలామంది ఆయనతో వాదించడం మానుకుంటారు.

ఆమె పెట్టె విప్పి, గురుగ్రహాన్ని బల్ల మీద చేతిరుమాలు చుట్టి దాని మీద నిలబెట్టింది. కార్యదర్శి ముందుకి వంగి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూశాడు.

"బాగుంది," అన్నాడు అధ్యక్షుడు. "నాది పొరపాటే. అచ్చు బొమ్మ కాదు. కొన్న బొమ్మ."

"కొన్నది కాదండీ. ఈయన చేశారు, మావారు."

"చూడమ్మా." ఆయన కోప్పడలేదు. "చేత్తో చేసిన వస్తువు ఎక్కడో ఒకచోట పట్టిస్తుంది. గీత వణుకుతుంది, రంగు ముద్దకడుతుంది. దీంట్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఇది ఏ ఫ్యాక్టరీలోనో అచ్చులో పోసింది. వేరేవాళ్ళు తయారుచేసిన బొమ్మకి ఫోటో తీసి నాదంటే ఎలా? నా కంటిని ఏమార్చిన నకలు ఈ నలభై ఏళ్ళలో ఒక్కటి లేదు. అసలేదో నకలేదో నాకు ఒక్క చూపులో తెలిసిపోతుంది."

ఎడమవైపు పెద్దమనిషి తలూపాడు. ఆమె, ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని భర్తవైపు తిరిగింది.

ఆయన అధ్యక్షుడి నోటికేసి చూస్తున్నాడు.

ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, డాక్టరు గది బయట వరసలో, ఎదుటిమనిషి నవ్వితే చాలు ఆయన చూపు వెళ్ళి నోటి దగ్గర ఆగిపోతుంది. ఆమె మోచేత్తో పొడుస్తుంది. కానీ ఇవాళ ఆ చూపులో ఇంకేదో ఉంది. తల కొంచెం పక్కకి వాల్చి, ఎక్కడో పెరిగి పెద్దయిన సొంతబిడ్డ దారిలో ఎదురైనట్టు చూస్తున్నాడు. తర్వాత చటుక్కున తల దించుకుని నేలకేసి చూశాడు. పెదవి చివర మాత్రం సన్నగా వణికింది.

అధ్యక్షుడు కూడా దాన్ని గమనించినట్టున్నాడు. "మీరేం చేస్తుంటారు?" అని అడిగాడు.

"పళ్ళండీ."

"పళ్ళ వ్యాపారమా?"

"కాదండీ. కట్టుడుపళ్ళు. డాక్టర్లు అచ్చులు పంపుతారు. నేను చేసి ఇస్తాను."

ఏదో అనబోతున్న అధ్యక్షుడి నోరు మూసుకుంది. ఆయన బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తాగిన తర్వాత కూడా గ్లాసును పెదాల దగ్గరే ఉంచుకుని, "ఇంక దీని గురించి అనుకోవడానికేం లేదు. నియమం అందరికీ ఒకటే," అన్నాడు. గొంతులో ఇందాకటి విడివిడితనం పోయింది. కాగితాలు సర్దుకుని అందరికంటే ముందు ఆయనే లేచాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నాలుగు స్టాపులు దాటాక భర్తవైపు తిరిగింది.

"నోట్లో నాలుక లేదా మీకు?"

"ఉంది."

"ఫ్యాక్టరీలో పోసింది అంటుంటే ఊరుకున్నారేం? ఆ మచ్చ ఎలా వేశారో, రంగు ఎలా కలిపారో చెప్పొద్దూ?"

"చెబితే నమ్మే మనిషి కాదోయ్."

"సరే. అంతసేపూ ఆయన నోటికేసి చూశారెందుకు?"

"ఎవరి నోటికేసి?"

"మీ చూపు నాకు తెలీదా? ఎవరు కట్టారా పళ్ళు?"

ఆయన ఒళ్ళోని పెట్టెను ఇంకొంచెం దగ్గరకి లాక్కున్నాడు. బయటకి తొంగి చూశాడు.

"మన స్టాపు వచ్చింది. దిగు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె డిపోకి వెళ్ళేముందు ముందుగదిలోకి వచ్చి నిలబడింది. ఆయన స్పిరిట్ దీపం మీద చిన్న కత్తిని వేడిచేసి, మైనపు చిగురులో పళ్ళు గుచ్చుతున్నాడు. ఒక పన్ను పెట్టి, తల వెనక్కి తీసి చూసి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ చూస్తున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను, అవునో కాదో చెప్పండి. అవి మీరు చేసినవేనా?"

"డాక్టర్లు అచ్చులతో పంపే చీటీల మీద పేర్లుండవు. నంబర్లే."

"నంబరు అడగలేదు నేను."

ఆయన కత్తిని దీపం మీద పెట్టి తీశాడు. "మనిషి పళ్ళు కట్టించుకునేది పదిమందిలో నోరు విప్పడానికి. నేను విప్పితే ఆ మనిషి ఇంక విప్పలేడు."

"ఏ మనిషి?"

"ఏ మనిషైనా."

"మీరు ఒక్క మాటంటే చాలు. 'అయ్యా, నకలు మీ కంటికి తెలుస్తుందన్నారు, మరి అద్దంలో..' అంతే. అక్కడే తేలిపోయేది. మొత్తం క్లబ్బు ముందు నన్ను దొంగని చేశారండీ. మీకు ఆ మనిషి ఎక్కువా, నేను ఎక్కువా?"

ఆయన కత్తి కింద పెట్టేశాడు. "నేను వాళ్ళ ముందే కూర్చుని ఇంకోటి చేస్తాను. ఎన్ని రోజులైనా సరే. వాళ్ళ గదిలోనే. పని మానుకుని చేస్తాను. అది అడుగు."

"ప్రదర్శన ఆదివారం."

"తెలుసు."

"మీ గురువుగారికి నెల పట్టింది."

"తెలుసు," అన్నాడు మళ్ళీ, ఇంకా చిన్న గొంతుతో.

ఆమె లోపలికి వెళ్ళి, కెమెరాను సంచీతో సహా బీరువా అడుగు అరలో, దుప్పట్ల కింద పెట్టి తలుపు వేసింది. బల్ల మీద కాగితం తీసుకుని, సభ్యత్వం వద్దనుకుంటున్నానని క్లబ్బుకి మూడు లైన్లు రాసి, డిపోకి తీసుకెళ్ళే చేతిసంచీలో వేసుకుంది. అదంతా ఆయనకి వినపడుతూనే ఉంది. బీరువా తలుపుకి ఉన్న కిర్రుమనే శబ్దం ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసు. చెప్పులు వేసుకుంటుంటే వచ్చి, ఆమె మర్చిపోయిన నీళ్ళసీసా చేతికిచ్చి, మళ్ళీ దీపం దగ్గరకి వెళ్ళిపోయాడు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది. "వాడు చెప్పడే. నా నోట్లో ఉన్నవి వాడు చేసినవేనని నాకే ఇప్పటిదాకా చెప్పలేదు. డాక్టరు పంపాడన్నాడు," అంది. నవ్వకూడదనుకుంటూనే నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు మీద కూడా కోపం వచ్చింది.

ఉత్తరం శుక్రవారం దాకా సంచీలోనే ఉండిపోయింది. పోస్టు చెయ్యడానికి తీరిక దొరకలేదని తనకి తాను చెప్పుకుంది.

నెలాఖరు శుక్రవారం పాసుల కౌంటర్ ముందు వరస గేటు దాటి ఉంటుంది. ఆమె పని ఒకే లయలో సాగుతుంది. దరఖాస్తు తీసుకోవడం, ఫోటోని చిన్న కత్తెర యంత్రంలో పెట్టి అంచులు కోయడం, వెనక జిగురు రాయడం, చదరంలో అంటించడం, సగం ఫోటో మీదా సగం కాగితం మీదా పడేలా ముద్ర గుద్దడం. అరవై దాటినవాళ్ళు మూడేళ్ళకోసారి పాసు మార్చుకోవాలి. వాళ్ళయితే పాత పాసు కూడా ఇవ్వాలి. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనని చూసుకుని గడిలో టిక్కు పెట్టడం ఆమె బాధ్యత.

పదకొండున్నరకి అద్దం కింది సందులోంచి ఒక దరఖాస్తు వచ్చింది. ఆమె తలెత్తకుండానే పాత పాసు, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టింది.

పాసుల ఫోటోల్లో జనం మామూలుగా నవ్వరు. తప్పుచేసి దొరికిపోయినట్టు బిగుసుకుని ఉంటారు. ఈ మనిషి మాత్రం రెండు ఫోటోల్లోనూ నిండుగా నవ్వాడు. పాతదాంట్లో పైవరస కుడివైపు రెండో పన్ను, పక్క పన్ను భుజం మీద చెయ్యి వేసినట్టు కొంచెం ఒరిగి ఉంది. దాని అంచున చిన్న చెక్కు లేచిపోయి ఉంది.

ఆ నోటిని ఆమె ఇంతకుముందు చూసింది. మొహం లేకుండా చూసింది. రెండేళ్ళ కిందట భర్త, డాక్టరు అచ్చుతో పాటు పంపిన ఒక ఫోటో కత్తిరింపు తెచ్చి, "ఇది పెద్దది చేసి పెడతావా?" అని అడిగాడు. ముక్కు పైనా గడ్డం కిందా కత్తిరించేసిన ముక్క అది, ఒట్టి నవ్వు. ఆమె అరచేతంత చేసి ఇచ్చింది. పదిరోజులు అది ఆయన దీపం వెనక గోడకి తగిలించి ఉంది. ఆ పదిరోజులూ ఆయన కొత్త పన్నుని సన్నటి ఆకురాయితో అరగదీసి, భూతద్దంలో చూసి, మళ్ళీ అరగదీస్తూ ఉన్నాడు. నిగనిగలాడే కొత్త పన్నుని ఎందుకు పాడుచేస్తున్నారని ఆమె అడిగింది కూడా. "పాత దెబ్బ తగిలించాలి," అన్నాడు.

ఆమె కొత్త ఫోటో చూసింది. మూడేళ్ళలో మనిషి జుట్టు పలచబడింది. బుగ్గలు జారాయి. కళ్ళ కింద సంచులొచ్చాయి. నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ పన్ను అలాగే పక్కదాని మీదకి ఒరిగి ఉంది. ఆ అంచు అలాగే లేచిపోయి ఉంది. మొహంలో మిగతాదంతా పాతబడిపోయినా, ఆ ఒక్కచోట మనిషి తనలాగే మిగిలాడు.

తలెత్తింది. అద్దానికి అవతల అధ్యక్షుడు నిలబడి ఉన్నాడు. పెదాలు గట్టిగా బిగించి ఉన్నాయి. ఆయన చూపు ఆమె మొహం మీద లేదు, బల్ల మీద పక్కపక్కనున్న రెండు ఫోటోల మీద ఉంది. ఆయన వెనకాల వరస గేటుదాకా ఉంది. ఎవరో పిల్ల ఏడుస్తోంది. ఇంకెవరో, "కొంచెం తొందరగా కానివ్వండమ్మా," అంటున్నారు.

బుధవారం ఆ గ్లాసు ఆయన పెదాల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో, ఆయన అంత తొందరగా ఎందుకు లేచిపోయాడో ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తను ఒక్క మాట గట్టిగా అంటే చాలు. అనాల్సిన మాట నాలుక చివరికి వచ్చింది కూడా. ఆయన దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు మెడ కొంచెం వంచాడు. చలువ చేసిన కాలరు లోపల ఆ మెడ సన్నగా, ముడతలు పడి ఉంది.

"ఏదైనా తేడా ఉందా అమ్మా?" అని అడిగాడు. అడిగిన గొంతు ఆమెకి తప్ప ఎవరికీ వినపడలేదు.

"ఏం తేడా లేదండీ," అంది ఆమె. గడిలో టిక్కు పెట్టింది. "అదే మనిషి."

ఫోటో అంచులు కోసి, జిగురు రాసి, అంటించి, ముద్ర గుద్దింది. ఆయన కదల్లేదు.

"మీ ఆయన..." అన్నాడు.

"మావారు ఎవరికి ఏం చేశారో నాతో చెప్పరండీ. ఎంత అడిగినా చెప్పరు."

"బుధవారం నాకేసి చూశారు."

"చూశారు. బస్సులో అడిగాను. స్టాపు వచ్చింది దిగు అన్నారు."

ఆయన గొంతులోంచి నవ్వులాంటి చిన్న శబ్దం వచ్చింది. ఆమె పాసుని సందులోంచి తోసింది. ఆయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంకేదో చెప్పాలనుకున్నాడు గానీ వెనకాలవాళ్ళు తోసుకొచ్చారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, ముందుగదిలో భర్త పక్కన ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆయన ఒక దవడకి ఆఖరి మెరుగు పెడుతున్నాడు. ఆయన చేతులకేసి చాలాసేపు చూసింది.

"ఏమోయ్, కోపం పోయిందా?"

"పోలేదు. తగ్గింది."

"ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? నెలాఖరు. రద్దీ," అంది. కౌంటర్లో చూసింది ఆమె ఆయనకి చెప్పలేదు. సంచీలోంచి ఉత్తరం తీసి, మడత విప్పి, ప్లాస్టర్ కలిపిన గిన్నె తుడవడానికి ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం కార్యదర్శి ఫోన్ చేశాడు. "అమ్మా, మీ పదిహేడో నంబరు గోడకెక్కింది. అధ్యక్షులవారే నిచ్చెనెక్కి మేకు కొట్టారు. మేము కొడతామంటే వినలేదు. మీ ఆయన్ని కూడా తీసుకురమ్మన్నారు. ఆ గ్రహాన్ని కూడా."

పళ్ళాయన బిత్తరపోయాడు. "ఉన్నట్టుండి ఎలా మారాడు?"

"ఏమో. నాకేం తెలుసు," అంది ఆమె, బీరువా తలుపు తీస్తూ.

ఆదివారం ఉదయం ముగ్గురూ వెళ్ళారు. అత్తగారు కూడా బయల్దేరింది, పెట్టెను తన ఒళ్ళోనే పెట్టమంది. హాలునిండా జనం ఉన్నారు. పదిహేడో నంబరు తలుపుకి ఎదురుగోడ మీద, కిటికీ వెలుతురు పడేచోట ఉంది. దాని కింద చిన్న బల్ల వేసి, దానిమీద నల్లగుడ్డ పరిచి ఉంచారు. గురుగ్రహాన్ని అక్కడ పెట్టారు. ఫోటో కింది చీటీలో తీసినవారి పేరు తర్వాత ఇంకో లైను కొత్తగా చేర్చారు. గ్రహం తయారుచేసినవారు ఫలానా అని.

నోటీసు బోర్డు మీది కాగితం తీసెయ్యలేదు. ఎర్ర సిరా వాక్యం కొట్టేసి, కింద "ఇది నా పొరపాటు" అని రాసి, అధ్యక్షుడు సంతకం చేశాడు.

ప్రారంభోపన్యాసంలో ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "అందరూ చూసేచోట రాశాను కాబట్టి అందరూ వినేట్టు చెబుతున్నాను," అన్నాడు. "ఈ అమ్మాయి తీసిన ఫోటోని నకలన్నాను. వాళ్ళాయన చేత్తో చేసిన వస్తువుని ఫ్యాక్టరీదన్నాను. నా కన్ను ఏమారదని చెప్పుకుంటూ వచ్చాను. ఏమారింది. అంత బాగా చేసే చేతులు మన ఊళ్ళోనే ఉన్నాయని నాకు తెలీదు. అంటే... తెలిసుండాల్సింది." మాట్లాడినంతసేపూ పెదాలు విప్పీ విప్పనట్టే ఉన్నాయి. కూర్చోబోతూ రెండు చేతులూ జోడించాడు. ఎవరికని అడిగితే సభకే అనుకోవచ్చు. పళ్ళాయన మాత్రం వెంటనే సీలింగ్ ఫ్యాను ఎలా తిరుగుతోందో పరిశీలించడంలో పడ్డాడు.

తర్వాత జనం గురుగ్రహం చుట్టూ మూగారు. ఒకాయన పళ్ళాయన పక్కన చేరి, ఇలాంటి ఫోటో తియ్యాలంటే ఎంత పెద్ద టెలిస్కోపు కావాలో, ఎన్ని రాత్రులు కొండ మీద కూర్చోవాలో వివరంగా చెప్పాడు. పళ్ళాయన అంతా విని, "అబ్బో, చాలా కష్టమేనండీ," అన్నాడు.

కమిటీ గ్రూపు ఫోటో ఆమెనే తియ్యమన్నారు. ఆమె కుర్చీలు వెలుతురువైపు తిప్పించి, వెనకవరసని దగ్గరకి జరిపించింది. కెమెరా కంటికి ఆనించింది. అందరూ నవ్వుతున్నారు. మధ్యలో అధ్యక్షుడు పెదాలు బిగించి కూర్చున్నాడు.

ఆమె కెమెరా దించింది.

"అధ్యక్షులవారూ, కొంచెం నవ్వాలండీ."

"నవ్వమంటారా?"

ఆయన ఆమెను చూశాడు. తర్వాత, ఆమె భుజం వెనక, గోడకి ఆనుకుని నిలబడిన ఆమె భర్తని చూశాడు.

"మీ నవ్వు బాగుంటుందండీ," అంది ఆమె. "నవ్వండి."

ఆయన నవ్వాడు. ముందు కొద్దిగా, తర్వాత నిండుగా. ఆమె నొక్కింది. ఎందుకైనా మంచిదని ఇంకోటి కూడా తీసింది.

ఇంటికి వచ్చే బస్సులో అత్తగారు పెట్టె ఒళ్ళో పెట్టుకునే కునికిపాట్లు పడింది. పళ్ళాయన కెమెరా అడిగి తీసుకుని, వెనకనున్న చిన్న తెరలో ఆ రోజు ఫోటోలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. గ్రూపు ఫోటో దగ్గర ఆగాడు. బొమ్మని పెద్దది చెయ్యడం ఆమే నేర్పింది. రెండుసార్లు నొక్కాడు. మూడోసారి నొక్కేసరికి తెరనిండా ఒక నవ్వే మిగిలింది. తెరని కిటికీ వెలుతురుకి వంచి, తల పక్కకి వాల్చి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఒక్క పిసరు పసుపు ఎక్కువ పడాల్సింది," అన్నాడు తనలో తాను.

"దేంట్లో?" అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడి కెమెరా ఆపేశాడు.

"దేంట్లోనూ లేదు," అన్నాడు. "మన స్టాపు వచ్చిందేమో చూడు."

ఇంకా ఆరు స్టాపులున్నాయి. ఆమె కిటికీలోంచి తొంగి చూసింది.

"ఆఁ, వచ్చేస్తోంది," అంది.